కమతం చేతులు మారిన కథ



చోడవరం నుంచి నర్సీపట్నం వైపు వెళ్లే దారిలో రావికమతం ఉంది. చెరకు తోటలు, వరి మళ్లు, దూరంగా కొండలు, ఆ కొండల పక్కన కల్యాణపులోవ జలాశయం. ఊరి పేరు పలికినప్పుడల్లా ఒక పాత మాట కూడా పలుకుతాం. కమతం. రైతు తన చేతుల మీదుగా సాగుచేసుకునే భూమి. అర ఎకరమైనా కమతమే, పాతికెకరాలైనా కమతమే.

ఈ రోజు ప్రసంగం చైనా గురించి. అక్కడి ఆకాశహర్మ్యాలనూ బుల్లెట్ రైళ్లనూ కాసేపు పక్కన పెడదాం. అక్కడి కమతం గురించి మాట్లాడుకుందాం. 1949 అక్టోబరు 1న చైనాలో కమ్యూనిస్టు పార్టీ అధికారానికి వచ్చింది. ఆ తర్వాత ఒక్క తరం కాలంలో చైనా రైతు కమతం మూడుసార్లు చేతులు మారింది. మొదట ఇచ్చారు. తర్వాత తీసుకున్నారు. మళ్లీ ఇచ్చారు. ఈ మూడు మాటలూ గుర్తుపెట్టుకోండి. ఇచ్చారు, తీసుకున్నారు, మళ్లీ ఇచ్చారు. మిగతా కథంతా వీటి వెంటే నడుస్తుంది.

ముందు ఇచ్చిన సంగతి.

చైనాలో పొలాన్ని 'మూ' లెక్కన కొలుస్తారు. ఒక మూ అంటే మన లెక్కలో 16 సెంట్ల పైచిలుకు. ఆరు మూలు కలిస్తే ఇంచుమించు ఒక ఎకరం. 1949కి ముందు అక్కడి పల్లెల్లో కౌలు రైతు పరిస్థితి మన జమీందారీ రోజులను తలపించేది. పండిన దాంట్లో సగం, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువే, భూస్వామి గాదెకు పోయేది. అప్పు తీర్చలేక పిల్లల్ని అమ్ముకున్న కుటుంబాలు ఉండేవి. 1950 జూన్‌లో కొత్త ప్రభుత్వం భూసంస్కరణ చట్టం చేసింది. రెండు మూడేళ్లలో సుమారు 30 కోట్ల మంది రైతులకు 70 కోట్ల మూల భూమి పంచింది. మన లెక్కలో చూస్తే 11 కోట్ల ఎకరాలకు పైమాటే.

ఊరి మధ్య పాత దస్తావేజులను కుప్పపోసి నిప్పుపెట్టారు. కొలత కర్రలు పట్టుకుని పొలాల్లోకి దిగారు. గట్టు మీద పేరు రాసిన చెక్క పాతారు. ఆ పేర్లలో ఆడవాళ్లవీ ఉన్నాయి. తన పేరు రాసిన చెక్క ముందు నిలబడిన కూలిమనిషి సంతోషం ఎలాంటిదో, పట్టా కోసం మండల కార్యాలయం మెట్లు ఎక్కి దిగిన వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

కానీ అదే ఊరి మధ్య ఇంకొక పనీ జరిగింది. భూస్వాములను వేదిక ఎక్కించి, జనం ముందు నిలబెట్టి, కొట్టారు. చాలామందిని చంపారు. చనిపోయినవారు 10 లక్షలకు తక్కువ కాదని అనేకమంది చరిత్రకారుల అంచనా. వాళ్లలో కేవలం నాలుగు మూలు ఎక్కువ ఉన్న పాపానికి భూస్వామి అనిపించుకున్నవాళ్లూ ఉన్నారు. భూమి పంచిన మేలు ఎంత నిజమో, ఆ నెత్తురూ అంతే నిజం. రెండింటినీ కలిపే చెప్పుకోవాలి.

సరిగ్గా అదే సమయంలో మన వైపు ఏం జరిగింది? అప్పుడు విశాఖ జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1948లో మద్రాసు శాసనసభ ఎస్టేట్ల రద్దు చట్టం చేసింది. జమీందార్లకు నష్టపరిహారం ఇచ్చి, రైతును రైత్వారీ పద్ధతిలోకి తెచ్చారు. వేదికలు లేవు, దెబ్బలు లేవు. కోర్టులు ఉన్నాయి, వాయిదాలు ఉన్నాయి. పెద్ద రైతుకు భూమి ఖాయమైంది. పాలేరుకూ కౌలుదారుకూ దక్కింది తక్కువ. ఆ కొరత తీర్చడానికి 1973లో వ్యవసాయ కమతాల పరిమితి చట్టం వచ్చింది. అప్పటికే పొలాలు బంధువుల పేర్ల మీదికి మారిపోయిన సంగతి పల్లెటూళ్లో పుట్టినవాళ్లందరికీ తెలుసు.

ఆడవాళ్ల విషయంలో మాత్రం చైనా వేగం మెచ్చుకోవలసిందే. 1950 మే 1 నుంచి అక్కడ కొత్త వివాహ చట్టం అమల్లోకి వచ్చింది. బాల్యవివాహాలు నిషేధించారు. ఉంపుడుగత్తెల ఆచారాన్ని నిషేధించారు. విడాకులు అడిగే హక్కు ఆడమనిషికి ఇచ్చారు. ఆడపిల్ల పాదాలు కట్టి కుదించే క్రూరమైన అలవాటు అప్పటికే తగ్గుముఖం పట్టింది, ఆ తర్వాత పూర్తిగా మాసిపోయింది. మన ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా దక్కింది 1985 నుంచి. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా ఆగవలసి వచ్చింది.

చైనా కమ్యూనిస్టు నాయకుడు మావో బీజింగ్ చేరకముందే, మన తెలుగువాళ్లు చైనా వైపు చూశారు. 1948లో ఆంధ్ర కమ్యూనిస్టు నాయకులు తమ పార్టీ కేంద్ర నాయకత్వానికి ఒక పత్రం పంపారు. మన దేశానికి రష్యా దారి సరిపోదు, చైనా దారే నప్పుతుంది, పల్లె నుంచి మొదలుపెట్టాలి అని అందులో వాదించారు. మావో రాసిన నూతన ప్రజాస్వామ్యాన్ని ఆధారంగా చూపారు. అప్పటికి మావో పేరు మన దేశంలో ఎంతమందికి తెలుసు? పై నాయకత్వం ఆ పత్రాన్ని తోసిపుచ్చింది. కానీ తెలంగాణ పల్లెల్లో అప్పటికే పోరాటం నడుస్తోంది. 3,000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచామని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు.

1951 ఫిబ్రవరిలో నలుగురు భారత కమ్యూనిస్టు నాయకులు రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. ఆ నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్లు. చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య. తెలంగాణ పటం ముందు పెట్టుకుని మాట్లాడవలసిన మాటలవి. స్టాలిన్ వాళ్లకు చెప్పిన సారాంశం ఏమిటంటే, చైనా వేరు, మీ దేశం వేరు. చైనా గెరిల్లాలకు వెనక ఆనుకోవడానికి సోవియట్ సరిహద్దు ఉంది, మీకు అలాంటి ఆసరా లేదు. ఆ ఏడాది అక్టోబరులో తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించారు. మరికొన్ని నెలలకే ఎన్నికలు జరిగాయి. నల్గొండ నుంచి రావి నారాయణరెడ్డి దేశంలోనే అత్యధిక ఓట్లతో పార్లమెంటుకు ఎన్నికయ్యారు. తుపాకీ దించిన చేతులే ఓటు వేశాయి.

ఇక రెండో మాట. తీసుకున్నారు.

పంచిన భూమి మీద రైతు నాలుగు పంటలు కూడా సరిగ్గా తీయలేదు. మొదట పదేసి కుటుంబాలు పనిలో ఒకరికొకరు సాయపడే జట్లు కట్టించారు. అది బాగానే ఉంది. మన దగ్గర నాట్లప్పుడు బదులు పనికి వెళ్లడం లాంటిదే. తర్వాత సహకార సంఘాలు. 1956 నాటికి భూమి మొత్తం సంఘం పేరు మీదికి వెళ్లిపోయింది. 1958లో వేలాది ఊళ్లను కలిపి కమ్యూన్లు చేశారు. గట్లు చెరిపేశారు. ఎడ్లు కమ్యూన్‌వి. నాగలి కమ్యూన్‌ది. ఆఖరికి వంటిల్లు కూడా కమ్యూన్‌దే.

వంటిల్లు అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ప్రతి ఊళ్లో ఉమ్మడి భోజనశాల పెట్టారు. ఇళ్లలో పొయ్యి వెలిగించవద్దన్నారు. ఉక్కు ఉత్పత్తి పెంచాలని పెరటి కొలుములు కట్టించి, ఇళ్లలోని ఇనుప మూకుళ్లు, తలుపు గడియలు, పాత పారలు పట్టుకెళ్లి కరిగించారు. వచ్చింది ఉక్కు కాదు, దేనికీ పనికిరాని ఇనుప ముద్ద. ఒక అమ్మ తన మూకుడిని ఆ కొలిమిలో వేసి, పిల్లల చేయి పట్టుకుని ఉమ్మడి భోజనశాల వరసలో నిలబడింది. మొదటి నెలల్లో కడుపునిండా పెట్టారు. తర్వాత పలచటి గంజి. ఆ తర్వాత అదీ లేదు. ఇంటికొచ్చి వండుకుందామంటే మూకుడు లేదు, గింజ లేదు.

గింజ ఎందుకు లేదు? ఇది శ్రద్ధగా వినవలసిన సంగతి. పంట తగ్గడం ఒక్కటే కారణం కాదు. అబద్ధపు లెక్కలు రాశారు. ఒక కమ్యూన్ ఎకరానికి ఇంత పండించామంటే, పక్క కమ్యూన్ దానికి రెట్టింపు చెప్పేది. మూడు నాలుగు పొలాల వరిని పీకి ఒక్క మడిలో కూరి, ఆ కంకుల మీద పిల్లల్ని నిలబెట్టి ఫొటోలు తీశారు. అవి పత్రికల్లో అచ్చయ్యాయి. ఆ లెక్క ప్రకారం ప్రభుత్వం తన వాటా ధాన్యం అడిగింది. లేని పంటలోంచి వాటా ఇవ్వాలంటే రైతు తినే గింజ, విత్తనం గింజ రెండూ బండి ఎక్కాలి. ఎక్కాయి.

దానికి తోడు పిచ్చుకల మీద యుద్ధం. అవి గింజలు తింటున్నాయని ఊరూవాడా డప్పులు కొట్టి, వాలనివ్వకుండా అలసి పడిపోయేదాకా తరిమారు. పిచ్చుకలు పోయాక పురుగు విజృంభించింది. మన చూరు కింద వరి కంకుల కుచ్చు వేలాడదీసి పిచ్చుకను పిలిచే రైతుకు ఈ సంగతి చెబితే నమ్మడు.

1959 నుంచి 1961 దాకా చైనాలో కరువు. ఆకలితో పోయినవాళ్లు కోటిన్నర అని కొందరు, నాలుగున్నర కోట్లు అని కొందరు. ఏ లెక్క తీసుకున్నా మానవ చరిత్రలోని అతి పెద్ద కరువుల్లో అది ఒకటి. రక్షణమంత్రిగా ఉన్న పెంగ్ దెహ్వాయ్ 1959 వేసవిలో ఇలా అయితే కష్టమని మావోకు ఒక ఉత్తరం రాశారు. ఆయన పదవి పోయింది. రక్షణమంత్రికే ఆ గతి పడితే, ఊళ్లో రైతు నోరు తెరుస్తాడా?

ఆర్థికవేత్త అమర్త్యసేన్ ఈ మాటనే ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. పత్రికలు రాసే చోట, ప్రతిపక్షం నిలదీసే చోట ఇలాంటి మహా కరువు రాదని. అదే సేన్ రెండో మాట కూడా అన్నారు. రోజువారీ ఆకలిని, పసిపిల్లల చావులను తగ్గించడంలో భారతదేశం చైనాకన్నా బాగా వెనకబడిందని. మొదటి మాట మనకు ఇష్టంగా ఉంటుంది. రెండోదాన్నీ అంతే శ్రద్ధగా వినాలి.

ఆ రోజుల్లోనే మన దేశంలో ఉమ్మడి సాగు గురించి పెద్ద వాదన నడిచింది. చైనా సహకార వ్యవసాయాన్ని చూసి రమ్మని 1956లో ఢిల్లీ నుంచి ప్రతినిధి బృందాలు వెళ్లాయి. తిరిగొచ్చి మనమూ చేయాలన్నవాళ్లు ఎక్కువ, వద్దన్నవాళ్లు తక్కువ. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార సాగుకు తీర్మానం చేసింది. ఆ తీర్మానానికి ఎదురు నిలిచిన వాళ్లలో ముందు వరసలో ఒక తెలుగు రైతునాయకుడు ఉన్నారు. గుంటూరు జిల్లా నిడుబ్రోలు మనిషి, ఆచార్య ఎన్.జి. రంగా. గట్టు చెరిపితే రైతు కూలీ అయిపోతాడన్నది ఆయన భయం. కాంగ్రెస్‌ను వదిలి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి, దానికి అధ్యక్షుడయ్యారు. సభలు పెట్టారు, తిట్టారు, తిట్లు తిన్నారు. ఆయనను ఎవరూ జైల్లో పెట్టలేదు. ఉమ్మడి సాగు తీర్మానం కాగితం మీదే మిగిలిపోయింది. చైనాలో అదే ఏడాది పెంగ్ దెహ్వాయ్‌కి పట్టిన గతిని ఈ పక్కన పెట్టి చూడండి.

ఇక్కడ ఒక్క మాట. సహకారం అంటే చెడ్డది అని కాదు. చోడవరం చుట్టుపక్కల చెరకు రైతుకు గోవాడ సహకార చక్కెర కర్మాగారం తెలుసు. అక్కడ రైతుకు వాటా ఉంటుంది, ఓటు ఉంటుంది, కోపం వస్తే గేటు ముందు కూర్చునే హక్కూ ఉంటుంది. చెరకు మాత్రం తన పొలంలో తనది. ఫ్యాక్టరీకి వేయాలా, గానుగాడి బెల్లం వండుకోవాలా అన్నది ఇంట్లో కూర్చుని ఆలోచించుకునే విషయం. కమ్యూన్‌లో రైతుకు లేనిది ఆ ఆలోచించుకునే హక్కే.

అయితే ఆ కమ్యూన్ల కాలంలోనే చైనా ఒక గొప్ప పని చేసింది. దాన్ని చెప్పకపోతే తప్పవుతుంది. చెప్పులు లేని డాక్టర్లు.

1960ల చివర నుంచి ఊళ్లలోని యువతీయువకులను ఎంచుకుని కొన్ని నెలలు వైద్యం నేర్పారు. పూట పొలం పని, పూట వైద్యం. భుజాన ఒక పెట్టె. అందులో థర్మామీటరు, కొన్ని మాత్రలు, సూదిమందు, చైనా సంప్రదాయ వైద్యపు సన్నటి సూదులు. వరి మడిలోంచి బురద కాళ్లతోనే రోగి ఇంటికి వచ్చేవాళ్లు కాబట్టి ఆ పేరు. టీకాలు వేశారు, పురుళ్లు పోశారు, నీళ్లు కాచి తాగమని ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. వాళ్ల సంఖ్య 10 లక్షలు దాటింది. 1949లో చైనాలో సగటు ఆయుష్షు 35 ఏళ్ల దగ్గర ఉండేది. 1980 నాటికి 65 దాకా వచ్చింది. మనం అప్పటికి ఇంకా 55 కూడా అందుకోలేదు. చదువు సంగతీ అంతే. అక్షరాలను తేలిక చేశారు, ఊరూరా రాత్రిబడులు పెట్టారు.

మన దగ్గర ఆశా కార్యకర్తలు వచ్చింది 2005లో మొదలైన గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో. రావికమతం మండలంలోనే చీమలపాడు పంచాయతీ కొండ గూడేల నుంచి నిండు గర్భిణిని డోలీ కట్టి కిందికి మోసుకొచ్చిన వార్తలు ఈ మధ్యకాలంలో కూడా చదివాం. ఆ గూడేలు రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు హద్దు బయట ఉండిపోయాయి. గిరిజనులే, కొండ మీదే ఉన్నారు, కానీ కాగితం మీద ఏజెన్సీలో లేరు. డోలీ మోసే ఇద్దరు మనుషుల భుజాల మీద పడే కాయను చూసినవాళ్లకు, ఊళ్లోనే వైద్యం తెలిసిన ఒక మనిషి ఉండటం అంటే ఏమిటో అర్థమవుతుంది.

కొండల మాట వచ్చింది కాబట్టి ఇంకొక కథ. మన్యం కొండలకు తిరుగుబాటు చైనా నేర్పలేదు. 1922లోనే అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డారు. కానీ 1967లో శ్రీకాకుళం గిరిజనులు భూమి కోసం, వడ్డీ వ్యాపారి నుంచి విముక్తి కోసం కదిలినప్పుడు, ఆ కదలికలోకి చైనా గొంతు వచ్చి చేరింది. ఆ ఏడాది వేసవిలో పీకింగ్ రేడియో బెంగాల్‌లోని నక్సల్బరీ రైతు తిరుగుబాటును ఆకాశానికెత్తింది. వసంత మేఘగర్జన అని అక్కడి పత్రిక రాసింది. రేడియో అంటే ఏమిటో వింటున్న మీకు తెలుసు. ఎక్కడో దూరాన ఒక గొంతు మన గదిలోకి వచ్చి మన పేరు పలికితే ఒళ్లు పులకరిస్తుంది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర భూస్వాముల మనుషుల కాల్పుల్లో కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. పోరు సాయుధమైంది. చైనా ఛైర్మనే మా ఛైర్మన్ అన్న నినాదం గోడలకెక్కింది. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు ఉపాధ్యాయులు ఆ ఉద్యమానికి నాయకులు. 1970 జులైలో ఇద్దరూ పోలీసుల చేతిలో మరణించారు. ఎందరో గిరిజనులు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

అదే 1970లో ఆ ఉద్యమాన్ని నడిపిన పార్టీ మనిషి ఒకరు రహస్యంగా చైనా వెళ్లి ప్రధాని చౌ ఎన్‌లైని కలిశారు. చౌ ఏమన్నారో తెలుసా? ఒక దేశపు పార్టీ ఛైర్మన్‌ను ఇంకో దేశపు పార్టీ తన ఛైర్మన్ అనుకోవడం తప్పు అన్నారు. ఈ విమర్శను 1972లో ఆరుగురు నాయకులు ఒక బహిరంగ లేఖలో బయటపెట్టారు. కాను సన్యాల్, నాగభూషణ్ పట్నాయక్, చౌదరి తేజేశ్వరరావు, కొల్లా వెంకయ్య మొదలైనవాళ్లు. ఆ లేఖ రాసింది ఎక్కడి నుంచో కాదు, విశాఖపట్నం జైలు నుంచి. మొదట మాస్కోలో స్టాలిన్, తర్వాత బీజింగ్‌లో చౌ. ఇద్దరూ తెలుగునేల మీద పోరాడినవాళ్లకు చేరవేసిన మాట ఒకటే. మీ దేశాన్ని మీ కళ్లతో చూడండి. రెండుసార్లూ ఆ మాట చెవిన పడేసరికి ప్రాణనష్టం జరిగిపోయింది.

ఇప్పుడు మూడో మాట. మళ్లీ ఇచ్చారు. నిజానికి ఎవరో ఇవ్వలేదు, రైతులే తీసుకున్నారు.

అన్హుయ్ రాష్ట్రంలో ఫెంగ్యాంగ్ అనే జిల్లా ఉంది. అక్కడ షియావ్‌గాంగ్ అనే చిన్న పల్లె. మన కొండ కింద గూడెమంత ఊరు. కరువు రాకముందు అక్కడ 120 మంది ఉండేవాళ్లు. 1958కీ 1960కీ మధ్య 67 మంది ఆకలితో పోయారు. మిగిలినవాళ్లు ఏడాదిలో కొన్ని నెలలు పక్క ఊళ్లకు బిచ్చానికి వెళ్లేవాళ్లు. 1978 నవంబరులో ఒక రాత్రి 18 మంది రైతులు ఒక మట్టి ఇంట్లో చేరారు. తలుపు వేసుకున్నారు. ఒక కాగితం రాసుకున్నారు. కమ్యూన్ పొలాన్ని ఇంటింటికీ పంచుకుంటాం. ప్రభుత్వం వాటా ప్రభుత్వానికి కట్టేస్తాం. మిగిలింది ఎవరిది వాళ్లది. ఈ సంగతి బయటపడి మనలో ఎవరైనా జైలుకు వెళ్తే, వాళ్ల పిల్లల్ని 18 ఏళ్లు నిండేదాకా మిగతావాళ్లం సాకుతాం.

కాగితం కింద వేలిముద్రలు వేశారు. ఎర్రటి వేలిముద్రలు.

అంతగా భయపడవలసిన పని ఏముంది అందులో? తన మడి తాను దున్నుకోవడం. ఆ రోజుల్లో అక్కడ అది నేరం.

మర్నాటి నుంచి ఆ ఊరి రైతు తెల్లవారక ముందే పొలంలో ఉన్నాడు. గంట కొట్టేదాకా చూడలేదు. మట్టి అదే, వాన అదే, మనుషులు వాళ్లే. మరుసటి ఏడాది పంట, అంతకు ముందు ఐదేళ్ల పంట కలిపినా సరిపోనంత వచ్చింది. పై అధికారులకు తెలిసింది. అప్పటికి మావో లేరు. డెంగ్ షియావోపింగ్ చేతికి పగ్గాలు వచ్చాయి. రాష్ట్ర నాయకులు చూసీచూడనట్లు ఊరుకున్నారు. తర్వాత బాగుందన్నారు. తర్వాత దేశమంతా చేయమన్నారు. 1980ల మధ్యకు కమ్యూన్లు లేవు. మళ్లీ చెబుతున్నాం, ఇచ్చారు, తీసుకున్నారు, మళ్లీ ఇచ్చారు. కానీ మూడోసారి పూర్తిగా ఇవ్వలేదు. భూమి ఇప్పటికీ ఊరి ఉమ్మడిదే. రైతుకు సాగుహక్కు ఉంటుంది. మొదట 15 ఏళ్లకు, తర్వాత 30 ఏళ్లకు. అమ్ముకునే హక్కు లేదు.

ఆ పొలాల్లోకి కొత్త విత్తనం కూడా వచ్చింది. యువాన్ లాంగ్‌పింగ్ అనే శాస్త్రవేత్త 1970ల్లో సంకర వరిని రైతు పొలానికి చేర్చారు. ఆ విద్య మన గోదావరి ఒడ్డుకూ వచ్చింది. మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1994లో ఏపీహెచ్ఆర్ 1, ఏపీహెచ్ఆర్ 2 అనే సంకర వరి రకాలు విడుదలయ్యాయి. మన దేశంలో వచ్చిన మొదటి సంకర వరి రకాల్లో అవీ ఉన్నాయి. నినాదంకన్నా విత్తనం మెల్లగా ప్రయాణించింది, కానీ ప్రాణం తీయకుండా ప్రయాణించింది.

పల్లె కడుపు నిండాక పట్నం లేచింది. హాంకాంగ్ పక్కన షెన్‌జెన్ 1980లో ప్రత్యేక ఆర్థిక మండలి అయ్యింది. జాలర్లు, వరి రైతులు ఉన్న ఆ చోట ఇప్పుడు కోటిన్నరకు పైగా జనం ఉన్నారు. నలభై ఏళ్లలో సుమారు 80 కోట్ల మంది కటిక పేదరికం నుంచి బయటపడ్డారని ప్రపంచబ్యాంకు లెక్క. అచ్యుతాపురం ఆర్థిక మండలికి పనికి పోయే ఆడపిల్లల బస్సులు చూసినవాళ్లు, అలాంటి బస్సులను వేల రెట్లు చేసి ఊహించుకోండి.

కానీ ఆ కార్మికుడికి పట్నం సగమే సొంతం. 1958 నుంచి అక్కడ హుకౌ అనే నమోదు పద్ధతి ఉంది. ఏ ఊళ్లో నమోదయ్యావో ఆ ఊరి మనిషివే. పట్నంలో ఇరవై ఏళ్లు ఇటుకలు మోసినా పిల్లవాడికి అక్కడి బళ్లో సీటు కష్టం. అందుకే పిల్లలు తాతా నాయనమ్మల దగ్గర పల్లెలోనే ఉండిపోతారు. ఏడాదికొకసారి కొత్త సంవత్సరం పండుగకు అమ్మానాన్నలు వస్తారు. పిల్లలు వాళ్లను చూసి మొదటి రోజు దగ్గరకు రారు. ఇది పరాయి కథ కాదు. హైదరాబాదుకూ చెన్నైకీ వలసపోయిన ఉత్తరాంధ్ర తల్లిదండ్రులు సంక్రాంతికి వచ్చినప్పుడు ఇదే చూస్తారు.

బిడ్డల సంగతిలో ఇంకో పోలిక ఉంది. చైనా 1980 ప్రాంతంలో ఒక్క బిడ్డ నియమం పెట్టింది. బలవంతపు గర్భస్రావాలు జరిగాయి, జరిమానాలు పడ్డాయి, ఆడపిల్ల కడుపులోనే పోయింది. 2016లో ఇద్దరు కావచ్చన్నారు, 2021లో ముగ్గురన్నారు. ఇప్పుడు కనండి అని బతిమాలినా జనం కనడం లేదు. మన రాష్ట్రంలో 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు సర్పంచిగా పోటీ చేయరాదంది. 2024లో మన శాసనసభ ఆ నిబంధన తీసేసింది. అక్కడ ఇంటి గడప దాటి లోపలికొచ్చిన ప్రభుత్వం, ఇక్కడ నామినేషన్ పత్రం దగ్గర ఆగింది. ఆ తేడా పెద్దది.

నోరు విప్పడం మాత్రం చైనాలో ఇప్పటికీ ఖరీదైన పని. 1989 జూన్ 4న బీజింగ్ వీధుల్లో విద్యార్థుల మీద, మామూలు జనం మీద సైన్యం కాల్పులు జరిపింది. 2011లో దక్షిణాన వూకాన్ అనే పల్లెలో తమ భూమిని అధికారులు అమ్ముకుంటున్నారని రైతులు తిరగబడ్డారు. వాళ్లు ఎన్నుకున్న నాయకుడు చివరికి జైలుకు వెళ్లాడు. 2020 జనవరిలో వూహాన్‌లో కరోనా వ్యాధి గురించి ముందుగా తోటి వైద్యులను హెచ్చరించిన డాక్టర్ లీ వెన్‌లియాంగ్‌ను పోలీసులు పిలిచి మందలించారు. మరుసటి నెల ఆయన అదే వ్యాధితో చనిపోయారు. అప్పుడు ఆ నగరంలో మన తెలుగు పిల్లలు యాభై మందికి పైగా చిక్కుకుపోయారు. తిరుపతి దగ్గర అప్పట్లో రాబోతున్న టీవీ తెరల కర్మాగారం కోసం శిక్షణకు వెళ్లిన యువ ఇంజినీర్లు. ఎయిరిండియా విమానం వచ్చేదాకా ఇక్కడ వాళ్ల ఇళ్లలో ఫోన్లు చేతిలో పట్టుకునే నిద్రపోయారు.

షియావ్‌గాంగ్ రైతులు ఆ రాత్రి వేలిముద్రలు వేసిన కాగితం ఇప్పుడు బీజింగ్‌లో జాతీయ మ్యూజియంలో ఉంది. దాచుకున్నందుకు జైలుకు పంపవలసిన కాగితాన్ని ఆ ప్రభుత్వమే భద్రపరిచింది.

మన ఇళ్లలోనూ అలాంటి కాగితాలు ఉన్నాయి. ఎస్టేట్లు పోయాక వచ్చిన మొదటి పట్టా, శిస్తు రసీదు, భూపరిమితి చట్టం కింద దక్కిన అర ఎకరం పత్రం. ట్రంకు పెట్టె అడుగున మడతలు చిరిగి ఉంటాయి. ఆ కాగితం ఎవరి పేరుతో వచ్చిందో, అంతకు ముందు ఆ పొలం ఎవరిదో, మొదటి ఏడాది ఏం పండిందో చెప్పగలిగిన పెద్దలు ఊరికి నలుగురైదుగురే మిగిలారు. ఈ ఆదివారం వాళ్ల దగ్గర కూర్చోండి. అడగండి. చెప్పింది చెప్పినట్టు ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టండి.